అన్నమంటే భయం, సూదంటే కోపం: కౌమారంలో జంటగా వచ్చే రెండు వ్యాధులు

శనివారం తెల్లవారుజామున బెంగళూరు మారతహళ్ళి వంతెన దగ్గర, కళామందిర్ స్టాపు దగ్గర దిగే ప్రయాణికులలో మన వైపు ముఖాలు ఎన్నో కనిపిస్తాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతాల తల్లిదండ్రులు చేతిలో రాగిపిండి, చెనిక్కాయల పొడి, ఊరగాయ సీసాలు పట్టుకొని, సందుల్లో ఉన్న పీజీ వసతి గృహాల వైపు నడుస్తుంటారు. బిడ్డ చదువుకో, కొత్త ఉద్యోగానికో అక్కడ ఉంటుంది. నెలకొకసారి చూసి రావడం ఆనవాయితీ.

అట్లా వెళ్ళిన ఒక తండ్రిని ఊహించుకుందాం. కూతురికి పదిహేడేళ్ళు. పదకొండో ఏట చిన్నపిల్లల మధుమేహం బయటపడింది. నాటి నుండి రోజూ ఇన్సులిన్ సూదులు వేసుకుంటున్నది. ఈసారి చూస్తే బాగా చిక్కిపోయింది. “ఏం పాపా, ఇంత పల్చబడినావే?” అని తండ్రి అడిగితే, “పథ్యం చేస్తున్నాను నాయనా, షుగర్ అదుపులో ఉండొద్దా?” అని నవ్వింది. తండ్రి సంతోషించి తిరుగు ప్రయాణమయ్యాడు. పోయిన నెల తెచ్చి ఇచ్చిన ఇన్సులిన్ సీసాలు మూత తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉన్న సంగతి ఆయన చూడలేదు. పది రోజుల తరువాత వాంతులతో, ఆయాసంతో ఆ పిల్లను ఆసుపత్రిలో చేర్చినట్లు కబురు వచ్చింది.

ఇది ఏ ఒక్క కుటుంబపు కథా కాదు. ఇటువంటి పిల్లలలో సాధారణంగా కనిపించే లక్షణాలను ఒకచోట చేర్చి చెప్పిన ఉదాహరణ మాత్రమే. ఆ పిల్లకు ఉన్నది ఒక్క వ్యాధి కాదు, రెండు. మొదటిది శరీరానికి సంబంధించినది, రెండవది మనసుకు సంబంధించినది. ఈ రెండూ ఒకదాని నీడలో ఒకటి దాక్కుంటాయి కనుకనే కన్నవారి కంటికి గాని, ఒక్కొక్కసారి వైద్యుల కంటికి గాని త్వరగా చిక్కవు. వాటిని గుర్తించడం ఎట్లాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంచే చేను మేస్తే

మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఒకటి ఉన్నది. బయటి నుండి వచ్చే క్రిములను గుర్తుపట్టి చంపడం దాని పని. కొందరిలో ఆ వ్యవస్థ దారి తప్పి, తన శరీరంలోని భాగాన్నే శత్రువుగా భావించి దాడి చేస్తుంది. కంచే చేను మేసినట్లు అనే సామెత దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇట్టి వ్యాధులను స్వయం ప్రతిరక్షక వ్యాధులు లేదా ఆటోఇమ్యూన్ వ్యాధులు అంటారు.

ఆ దాడి క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద జరిగితే టైప్ 1 మధుమేహం వస్తుంది. థైరాయిడ్ గ్రంథి మీద జరిగితే ఆ గ్రంథి మందగించడమో, మితిమీరి పనిచేయడమో జరుగుతుంది. గోధుమలోని గ్లూటెన్ అనే పదార్థం తిన్నప్పుడల్లా చిన్న ప్రేగు లోపలి పొర దెబ్బతింటే అది సీలియాక్ వ్యాధి.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. మన పల్లెల్లో తాతకు వచ్చినదీ, మనవరాలికి వచ్చినదీ ఒకటే ‘షుగర్’ అనుకుంటారు. తాతకు వచ్చేది సాధారణంగా టైప్ 2. ఆయన శరీరంలో ఇన్సులిన్ కొంత ఉంటుంది, మాత్రలు, ఆహార నియమాలు పనిచేస్తాయి. టైప్ 1 వచ్చిన బిడ్డలో ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. ఆ బిడ్డకు బయటి నుండి ఇచ్చే ఇన్సులిన్ అన్నం, నీళ్ళతో సమానం. అది స్వీట్లు ఎక్కువ తిన్నందువలన వచ్చినది కాదు, తల్లి చేసిన తప్పూ కాదు.

కర్ణాటకలో 1995 నుండి 2008 వరకు నడిపిన మధుమేహ నమోదు పట్టిక ప్రకారం ఏడాదికి ప్రతి లక్ష మంది బాలురలో 3.7 మందికి, బాలికలలో 4 మందికి టైప్ 1 కొత్తగా వచ్చింది. సంఖ్య చిన్నదిగా కనిపించవచ్చు. కాని వచ్చిన బిడ్డకు అది జీవితాంతం ఉంటుంది కనుక ఏటేటా ఆ పిల్లల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది.

తిండి మీద పట్టింపు వ్యాధిగా మారినప్పుడు

రెండవది ఆహార రుగ్మత. ఇది కూడా పలు రకాలు. బరువు పెరుగుతానన్న భయంతో తిండి మానివేసి, ఎముకల గూడుగా మారినా ఇంకా లావుగానే ఉన్నానని నమ్మడం అనొరెక్సియా. ఆపుకోలేనంతగా తిని, తరువాత సిగ్గుతో బలవంతంగా వాంతి చేసుకోవడం, ఉపవాసాలు ఉండడం బులీమియా. వాంతి చేసుకోకుండా తరచుగా అదుపు తప్పి తినడం మరొక రకం.

ఇది పట్నం పిల్లల వేషమని, పొగరని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇది మానసిక వ్యాధి, చికిత్స ఉన్న వ్యాధి, నిర్లక్ష్యం చేస్తే ప్రాణం తీయగల వ్యాధి. సాధారణంగా పన్నెండు, పదమూడేళ్ళ నుండి ఇరవై ఏళ్ళ లోపు మొదలవుతుంది. బాలికలలో ఎక్కువ, బాలురలోనూ ఉన్నది.

ఇది మన దరిదాపుల్లో లేదని అనుకోవడానికీ వీలులేదు. బెంగళూరులోని మానసిక వైద్యులను అడిగి చేసిన ఒక సర్వే 2012లో ప్రచురితమైంది. అందులో పాల్గొన్న వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది తాము ఇటువంటి రోగులను చూసినట్లు చెప్పారు. మన జిల్లా వాళ్ళకు చిరపరిచితమైన వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరకు వచ్చిన పిల్లల రికార్డులను పరిశీలించి 2007లో ఒక వ్యాసం ప్రకటించారు. అందులో బరువు భయంతో వచ్చే అనొరెక్సియా కంటే, మనోవేదన వలన కలిగే వాంతులే చాలా ఎక్కువగా కనిపించాయి. అనగా మన ప్రాంతంలో ఈ వ్యాధి పుస్తకాల్లో రాసినట్లే కనిపించాలని లేదు. “నేను లావుగా ఉన్నాను” అని బిడ్డ నోటితో చెప్పకపోవచ్చు. “కడుపులో తిప్పుతున్నది, తినబుద్ధి కావడం లేదు” అని మాత్రమే చెప్పవచ్చు.

రెండూ ఎందుకు కలుస్తాయి?

టైప్ 1 మధుమేహం ఎట్లా బయటపడుతుందో గుర్తుచేసుకోండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఎంత తిన్నా తగ్గిపోయే బరువు. ఇన్సులిన్ లేనందున తిన్న అన్నంలోని చక్కెర ఒంటికి పట్టక మూత్రంలో పోవడమే దీనికి కారణం. ఇన్సులిన్ మొదలుపెట్టగానే పోయిన బరువు తిరిగి వస్తుంది. తల్లిదండ్రులకు అది పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్లు. కాని పన్నెండేళ్ళ ఆడపిల్లకు మాత్రం “సూది వేసుకుంటే లావెక్కుతాను” అనే మొదటి పాఠంగా మిగిలిపోవచ్చు.

ఆ తరువాత రోజూ తిండి లెక్కలే. ఎన్ని ఇడ్లీలు, ఎంత సంగటి, ఏ పండు, ఎన్ని యూనిట్లు. చక్కెర పడిపోతే ఆకలి లేకున్నా తినాలి, పెరిగితే ఆకలి వేసినా ఆగాలి. “అది తినవద్దు, ఇది ముట్టవద్దు” అని ఇంట్లో అవ్వ నుండి పక్కింటి అత్త వరకు అందరూ కాపలా కాస్తారు. అట్లా అన్నం ఆనందంగా కాక పరీక్షగా మారిపోతుంది. కౌమారంలో సహజంగా ఉండే శరీరం గురించిన సంకోచం దీనికి తోడవుతుంది.

ఏదో ఒక రోజు ఆ పిల్లకు ఒక భయంకరమైన కిటుకు తెలుస్తుంది. సూది మానితే బరువు తగ్గుతుంది. కడుపు మాడ్చుకోనక్కరలేదు, వాంతి చేసుకోనక్కరలేదు. ఇతరులతో కూర్చొని రెండు దోసెలు తిన్నా సన్నబడవచ్చు. చూసేవారికి అనుమానమే రాదు. ఈ రెండు వ్యాధులు కలిసినప్పుడు ఉండే అసలు ప్రమాదం ఇదే.

సూది మానినప్పుడు జరిగేదేమిటి? చక్కెరను వాడుకోలేని శరీరం కొవ్వును, కండను కరిగించుకుంటుంది. ఆ క్రమంలో రక్తంలో కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుపోతాయి. పూర్తిగా మానితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. కొంచెం కొంచెంగా ఎగ్గొడుతూ వస్తే వెంటనే ఏమీ కాదు. కాని కళ్ళలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలు ముసలితనం రాకముందే పాడైపోతాయి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

కెనడాలో పన్నెండు నుండి పంతొమ్మిదేళ్ళ బాలికలపై చేసిన ఒక అధ్యయనం 2000 సంవత్సరంలో వెలువడింది. టైప్ 1 ఉన్న 356 మందిని, లేని 1,098 మందిని పోల్చి చూశారు. మధుమేహం లేనివారిలో ఆహార రుగ్మత 4 శాతం ఉండగా, ఉన్నవారిలో 10 శాతం ఉన్నది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 234 మంది మధుమేహ స్త్రీలను పదకొండేళ్ళ పాటు గమనించి 2008లో ప్రకటించిన ఫలితాలు మరింత కఠినమైనవి. తాము ఇన్సులిన్ తగ్గించి వేసుకుంటున్నామని మొదట్లోనే ఒప్పుకున్నవారు 30 శాతం. వారికి మరణించే ప్రమాదం ఇతరుల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా తేలింది. ఆ కాలంలో చనిపోయినవారి సగటు వయసు, ఇన్సులిన్ తగ్గించుకున్నవారిలో 45 ఏళ్ళు, తగ్గించుకోనివారిలో 58 ఏళ్ళు.

ఇతర ఆటోఇమ్యూన్ వ్యాధులలోనూ ఈ జంట కనిపిస్తుంది. డెన్మార్క్‌లో 1989, 2006 మధ్య పుట్టిన 9 లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించి 2017లో ఒక నివేదిక ఇచ్చారు. ముందే ఇటువంటి వ్యాధి ఉన్నవారికి తరువాత అనొరెక్సియా వచ్చే అవకాశం 36 శాతం, బులీమియా వచ్చే అవకాశం 73 శాతం అధికంగా ఉన్నట్లు తెలిసింది. బులీమియా విషయంలో ఈ సంబంధం బాలురలో మరింత బలంగా ఉన్నది. కనుక మగపిల్లవాడు కదా అని వదిలివేయరాదు.

ఒక్క మాట. అవకాశం పెరుగుతుందంటే అందరికీ వస్తుందని కాదు. ఆటోఇమ్యూన్ వ్యాధి ఉన్న పిల్లలలో ఎక్కువమంది చక్కగా తిని, చదివి, పెరిగి పెద్దవారవుతున్నారు.

కడుపు మాడ్చడమే చికిత్సగా ఉన్న రోజులు

ఇన్సులిన్ విలువ తెలియాలంటే నూరేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1922కు ముందు ఈ వ్యాధికి మందు లేదు. రోజుకు కొద్ది పాటి ఆహారమే ఇచ్చి, కడుపు మాడ్చి, పిల్లలను మరికొన్ని నెలలు బ్రతికించడమే అప్పటి చికిత్స. అమెరికా విదేశాంగ మంత్రి కుమార్తె ఎలిజబెత్ హ్యూస్‌కు 1919లో, పదకొండేళ్ళ వయసులో ఈ వ్యాధి వచ్చింది. మూడేళ్ళ పస్తుల తరువాత, 1922 ఆగస్టులో కెనడాలోని టొరంటోకు చేరేనాటికి ఆమె బరువు సుమారు 20 కిలోలు. అక్కడ ఇన్సులిన్‌ను కనుగొన్న వైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగ్ ఆమెకు సూదులు మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కోలుకుంది, పెళ్ళి చేసుకుంది, ముగ్గురు బిడ్డల తల్లి అయింది, 1981 వరకు జీవించింది.

ఆమె తన వ్యాధిని జీవితమంతా దాదాపు లోకమందరికీ దాచింది. సిగ్గు ఆ కాలంలోనూ ఉన్నది. కాని సూదిని మాత్రం మానలేదు. నాడు మందు లేక పిల్లలు ఎండిపోయారు. నేడు మందు చేతిలో ఉండీ మన బిడ్డ అదే స్థితికి చేరితే, మన కళ్ళెదుటే జరుగుతున్నది మనం చూడలేదని అర్థం.

గోధుమ, రాగి, థైరాయిడ్

సీలియాక్ వ్యాధి ఉన్నవారు గోధుమ, బార్లీ పూర్తిగా మానాలి. దీని విషయంలో ముడి రెండు వైపులా పడుతుంది. స్వీడన్‌లో సుమారు 18 వేల మంది సీలియాక్ స్త్రీల వివరాలను పరిశీలించి 2017లో ప్రకటించిన దాని ప్రకారం, సీలియాక్ బయటపడిన తరువాత అనొరెక్సియా ఎక్కువగా కనిపించింది, బయటపడక ముందు కూడా ఎక్కువగానే కనిపించింది. అంటే ప్రేగు వ్యాధి వలన చిక్కిపోతున్న పిల్లను “తిండి తినని మొండి” అని పొరబడడమూ సాధ్యమే, దానికి విరుద్ధంగా జరగడమూ సాధ్యమే.

మన దేశంలో ఈ వ్యాధి ఉత్తరాదిలో నూటికి ఒకరి కంటే కొంచెం ఎక్కువమందిలో ఉండగా, దక్షిణాదిలో వేయికి ఒకరి చొప్పున ఉన్నట్లు 2016లో వచ్చిన ఒక అధ్యయనం తెలిపింది. మన రాగిసంగటిలో గ్లూటెన్ లేదు కనుక సీలియాక్ ఉన్నవారు దానిని నిర్భయంగా తినవచ్చు. పిండి మరలో గోధుమతో కలవకుండా చూసుకుంటే చాలు. అయితే రాగి తింటే టైప్ 1 పిల్లకు ఇన్సులిన్ అవసరం లేదనే మాట మాత్రం శుద్ధ అబద్ధం. రాగిలోనూ పిండిపదార్థమే అధికం, దానికీ సూది కావలసిందే.

థైరాయిడ్ మితిమీరి పనిచేసినా బరువు తగ్గుతుంది, గుండె దడ, చిరాకు వస్తాయి. అందుచేత చిక్కిపోతున్న ప్రతి పిల్లకూ ముందు రక్తపరీక్షలు చేయించాలి. పరీక్షలు చేయించకుండా మనసు జబ్బు అనడం ఎంత తప్పో, పరీక్షలు బాగున్నాయి కాబట్టి ఏమీ లేదనడం కూడా అంతే తప్పు.

మన ఇళ్ళలో దాగే తీరు

మన పల్లెల్లో సూది ఎగ్గొట్టడానికి సన్నబడాలనే కోరిక ఒక్కటే కారణం కాదు. “ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావు, ఎవరికీ చెప్పవద్దు” అని చిన్ననాడే బిడ్డకు నేర్పుతాము. ఆ బిడ్డ మారతహళ్ళిలో నలుగురు ఉండే గదిలోకి వెళ్ళినప్పుడు సూది బయటికి తీయడానికి జంకుతుంది. మొదట సిగ్గుతో ఒక పూట మానుతుంది. బరువు తగ్గడం, “భలే సన్నబడ్డావే” అని స్నేహితురాళ్ళు మెచ్చుకోవడం చూసి, తరువాత కావాలనే మానుతుంది. సిగ్గుగా మొదలైనది వ్యాధిగా మారే దారి ఇది.

శనివారం ఒక పొద్దు, శ్రావణ శుక్రవారం నోము, పరీక్షల ముందు మొక్కు అనే పేరుతో ఉపవాసాలు పెరిగిపోయినా మనం భక్తి అని మురిసిపోతాము. ఏడాదికి ఒకటి రెండు ఉపవాసాలు వేరు, వారానికి మూడు వేరు. ఆకువైద్యంతో ఇన్సులిన్ మాన్పిస్తామని చెప్పేవారి మాట వింటే సన్నబడాలనుకునే పిల్లకు మంచి సాకు దొరికినట్లే.

గుర్తించవలసిన లక్షణాలు

- బాగా తింటున్నట్లు కనిపిస్తూనే బరువు తగ్గిపోవడం
- మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ కారణం లేకుండా పెరిగిపోవడం
- ఇన్సులిన్ సీసాలు, సూదులు, పరీక్ష పట్టీలు ఖర్చు కాకుండా మిగిలిపోవడం
- ఎవరూ లేని చోటనే సూది వేసుకుంటాననడం, రాసిన లెక్కలు అనుమానంగా ఉండడం
- మాటిమాటికీ కీటోఅసిడోసిస్‌తో ఆసుపత్రి పాలు కావడం
- నెలసరి తప్పడం, జుట్టు రాలడం, ఎప్పుడూ చలి, నీరసం
- భోజనం కాగానే స్నానాల గదిలోకి వెళ్ళడం, అందరితో కలిసి తినకపోవడం
- మాటిమాటికీ బరువు చూసుకోవడం, అద్దం ముందు బాధపడడం

ఒక్క లక్షణం ఉన్నంత మాత్రాన కంగారుపడనవసరం లేదు. రెండు మూడు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

కన్నవారు ఏమి చేయాలి?

మొదటిది, నింద మానాలి. “ఇంత ఖర్చు పెట్టి మందులు తెస్తే పారబోస్తావా?” అని నిలదీస్తే ఆ బిడ్డ ఇంకా లోతుగా దాస్తుంది. నిదానంగా పక్కన కూర్చొని, “పాపా, రోజూ సూదులంటే ఎవరికైనా విసుగే. ఎప్పుడైనా మానేయాలనిపిస్తున్నదా? చెప్పు, నేను కోప్పడను” అని అడిగి చూడండి. నిజం చెప్పినప్పుడు నిజంగానే కోప్పడకండి.

రెండవది, బరువు గురించిన మాటలు ఇంట్లో ఆపాలి. లావైనావని గాని, సన్నబడి అందంగా ఉన్నావని గాని అనరాదు. “చక్కెర ఎంత?” అనే ప్రశ్నకు ముందు “ఎట్లా ఉన్నావు?” అని అడగడం అలవాటు చేసుకోవాలి.

మూడవది, కొంతకాలం పెద్దవారు బాధ్యత పంచుకోవాలి. పదిహేడేళ్ళు వచ్చాయి కదా అని మొత్తం బిడ్డ మీదనే వదిలివేయరాదు. దూరంగా ఉంటే రోజూ ఒకసారి ఫోనులో మాట్లాడుతూ కలిసి సూది వేయించవచ్చు. గదిలోని స్నేహితురాలు ఒకరికైనా, వసతి గృహం నడిపేవారికైనా విషయం తెలిసి ఉండాలి.

నాలుగవది, చికిత్స రెండు వైపులా ఒకేసారి జరగాలి. మధుమేహ వైద్యుడు, మానసిక వైద్యుడు, ఆహార నిపుణుడు కలిసి చూడాలి. చాలాకాలం మానిన ఇన్సులిన్‌ను తిరిగి మొదలుపెట్టినప్పుడు కాళ్ళకు, ముఖానికి నీరు చేరి బరువు పెరిగినట్లు కనిపించవచ్చు. అది సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గిపోయే నీరేనని బిడ్డకు ముందే చెప్పాలి. చెప్పకపోతే భయపడి మళ్ళీ మానివేస్తుంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను ఒక్కసారిగా దించితే కళ్ళకు, నరాలకు ఇబ్బంది రావచ్చు. పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెట్టినా ప్రమాదమే. కావున ఇంటి దగ్గర సొంత ప్రయోగాలు పనికిరావు.

ఇది మాత్రం మరువరాదు

టైప్ 1 ఉన్న బిడ్డకు వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసపు ఊపిరి, నోటి నుండి మగ్గిన పండు వంటి వాసన, మగత కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. ఆంధ్రలోనైనా, కర్ణాటకలోనైనా 108కు ఫోను చేయండి. ఆసుపత్రిలో మొట్టమొదట “టైప్ 1 మధుమేహం” అనే మాట, చివరి సూది ఎప్పుడు వేసుకున్నదీ చెప్పండి. అన్నం తినడం లేదు కదా అని ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపివేయడం పెద్ద పొరపాటు. ఎంత వేయాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో ఆహార రుగ్మతలకు చికిత్స లభిస్తుంది. కోరమంగళ పక్కనున్న సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రి మారతహళ్ళికి ఎంతో దూరం కాదు. మధుమేహానికి కర్ణాటక ప్రభుత్వ ఎండోక్రైనాలజీ పరిశోధన సంస్థ ఉన్నది. ఇటు వైపు తిరుపతి స్విమ్స్, వెల్లూరు సీఎంసీ మనకు అందుబాటులో ఉన్నాయి. ఎవరితో మాట్లాడాలో తెలియనప్పుడు 14416కు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

వచ్చే శనివారం మారతహళ్ళికి వెళ్ళే తల్లిదండ్రులు రాగిపిండి మూటతో పాటు ఒక గంట తీరికను కూడా తీసుకొని వెళ్ళండి. బిడ్డ పక్కన కూర్చొని కలిసి ఒక పూట భోజనం చేయండి. ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ సీసాలు ఎన్ని మిగిలి ఉన్నాయో ఒకసారి చూడండి. ఎక్కువ మిగిలి ఉంటే కేకలు వేయకండి. ఆ బిడ్డ నోటితో చెప్పలేకపోయిన మాటను ఆ సీసాలు చెబుతున్నాయని గ్రహించి, చేయి పట్టుకొని వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళండి.